ఆకురాయి పట్టని అంచు

ఆ ఏడు దేశంలో వెండి తగ్గినకొద్దీ వెండి గురించిన పుస్తకాలు పెరిగాయి. లండన్ నుంచి బండి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్తది దిగేది. ముప్ఫై పేజీలు, కుట్టు వదులు, ధర ఆరు పెన్నీలు. నాణేల అంచులు గొరిగేవాళ్ళ వల్లే గోధుమల ధర పెరిగిందని ఒకాయన రాస్తే, ధర పెరగబట్టే గొరుగుతున్నారని ఇంకొకాయన రాసేవాడు. వెన్‌బరో ఊళ్ళో ఆ పుస్తకాలన్నీ కొనేవాడు ఒక్కడే, కంసాలి ఎజ్రా పెల్. కొని ఊరుకోడు. మధ్యాహ్నం భోజనమయ్యాక కాళ్ళు బారజాపుకుని పైకి చదువుతాడు.

"'ఈ గొరుగుడుగాళ్ళు దేశం నెత్తురు తాగే జలగలు.' విన్నావుటే మార్జరీ? జలగలట! ఎంత బాగా రాశాడో."

"విన్నానండీ," అంది మార్జరీ. అప్పుడావిడ కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఒక షిల్లింగు అంచు కత్తిరిస్తోంది.

కత్తిరించడం మార్జరీ పని. ఎజ్రాకి చేతులు వణుకుతాయి. గిన్నెలకి బంగారుపూత వెయ్యడం కోసం ఇరవయ్యేళ్ళు పాదరసం కాచిన కంసాలికి చేతులు వణక్క మానవు. మార్జరీ లేసులు అల్లే ఇంట పుట్టింది. నాణేన్ని ఎడమచేతి వేళ్ళ మధ్య నిలబెట్టి, కత్తెర కదపకుండా నాణేన్నే తిప్పుతుంది. ఉల్లిపొర మందాన వెండి మెలిక తిరిగి ఒళ్ళో పరుచుకున్న తోలుగుడ్డలో పడుతుంది. తర్వాత ఆకురాయితో అంచు నున్నగా రాసి, పందికొవ్వులో కలిపిన మసి పామి, గుడ్డతో తుడిచేస్తే అది నిన్న కత్తిరించిందో ముత్తాతల నాడే అరిగిపోయిందో అచ్చువేసినవాడు కూడా చెప్పలేడు. ఒళ్ళో చేరిన వెండిని ఎజ్రా మూసలో వేసి వంటింటి పొయ్యిమీదే కరిగిస్తాడు. దుకాణంలో కొలిమి ఉంది గానీ దానికి వీధివైపు తలుపుంది. అంచేత పొయ్యికి ఒక పక్కన బఠాణీ పులుసు ఉడుకుతుంటే ఇంకో పక్కన పాత రాజులూ రాణులూ ఉడుకుతుండేవాళ్ళు. పులుసు అడుగంటితే మాత్రం ఎజ్రా ఊరుకునేవాడు కాదు.

అన్నీ కరిగిపోయే ఆ ఇంట్లో కరగనిది ఒక్క కత్తెర. ఎజ్రా తండ్రి వాడిన షెఫీల్డు ఉక్కు. దాని అలుగుకి, అంటే కోసే వాదరకి, కొనకు బార్లీగింజంత ఎడంలో ఒక గంటు ఉంది. అది తగిలినచోట నాణెం అంచు మీద వెంట్రుకలాంటి గీర లేస్తుంది. ఆకురాయి పడితే పోతుంది. ఫిబ్రవరిలో మార్జరీ పన్నెండు రోజులు జ్వరంతో మంచం పట్టినప్పుడు కత్తిరించడమూ ఆకురాయితో రాయడమూ ఎజ్రాయే చేసుకున్నాడు. కత్తిరించాడు. రాయడానికి ఓపిక లేకపోయింది. ఆ షిల్లింగులు గీరతోనే ఊళ్ళోకి వెళ్ళిపోయాయి.

ఆ పన్నెండు రోజులూ మార్జరీ నోట్లో చెంచాతో గంజి పోసింది మూడిళ్ళ అవతలుండే తబిత మాట్. చేతి తొడుగులు కుట్టుకుని బతికే విధవ ముసలావిడ. గంజి పోస్తూ, "మింగవే పిల్లా. నువ్వు పోతే మీ ఆయన నన్నే పెళ్ళి చేసుకుంటానంటాడు, నేను తప్పించుకోలేను," అని నవ్వించేది.

జూలై నెలలో ఒక సోమవారం, ఎజ్రా రొట్టెల దుకాణం నుంచి తిరిగొచ్చి భోజనం ముట్టలేదు. ఆ దుకాణం నహూమ్ టబ్‌ది. ఆ ఏడు ఊరి కానిస్టేబులు వంతు కూడా అతనిదే.

"టబ్‌గాడు తొమ్మిది షిల్లింగులు పోగేశాడే. అన్నిటికీ ఒకేచోట గీర. బల్లమీద వరసగా పేర్చి, 'పెల్ గారూ, మీరు పనితెలిసినవారు. ఇది ఒకే కత్తెర కాటు కదండీ?' అని నన్నే అడిగాడు."

"మీరేమన్నారు?"

"అవునన్నాను. ఏమనమంటావు?"

గొరిగింది మగవాడైతే ఉరి, ఆడదైతే మంట. అది ఎప్పటినుంచో ఉన్నదే. పట్టించినవాళ్ళకి నలభై పౌన్లు ఇస్తామన్నది మాత్రం ఆ వేసవిలో వచ్చిన చట్టం. సారాకొట్లో మగవాళ్ళు, "పెళ్ళాం ఖరీదు ఇన్నాళ్ళకి తేలిందిరోయ్!" అని బల్లలు చరిచి నవ్వుకుంటున్నారు. ఆ మాట ఎజ్రాయే ఇంటికొచ్చి చెప్పాడు, తనూ నవ్వుతూ.

ఇవాళ నవ్వలేదు. దుకాణంలోకి వెళ్ళి ఒక చవక కత్తెర తెచ్చాడు. దాన్ని బల్లకున్న పట్టుదవడల మధ్య బిగించి, మూడంచుల ఆకురాయితో అలుగు కొన దగ్గర మెల్లిగా రాయడం మొదలుపెట్టాడు. కాస్త రాసి, సీసపు రేకు కత్తిరించి, గీర చూసి, తండ్రి కత్తెరతో ఇంకో రేకు కత్తిరించి పక్కన పెట్టి, భూతద్దంలో పోల్చి, మళ్ళీ రాశాడు. చేతులు ఎంత వణికినా ఆ పనికి మాత్రం రెండు గంటలు ఓపిక పట్టాడు.

"కొత్తదాన్ని పాడుచేస్తున్నారేమండీ? ఆ పాతదే ఏట్లో పారేస్తే పోలా?"

"మా నాన్న కత్తెర ఏట్లో పారెయ్యాలా? ఇలాంటి ఉక్కు ఇప్పుడు దొరుకుతుందటే?"

ఎజ్రా అవసరమైతే ప్రాణమైనా ఇస్తాడు, పరాయివాళ్ళదైతే. మంచి ఉక్కు మాత్రం ఇవ్వడు.

సాయంత్రం ఎండ ఇంకా గోడమీద ఉండగానే తబిత వచ్చింది, వెలిగిపోతూ.

"ఏమే పిల్లా, మీ ఆయనకి ఒంట్లో బాగాలేదా? నాలుగు జతల తొడుగులు కొన్నాడు. బేరమాడలేదు! తొమ్మిది షిల్లింగులు చేతిలో పెట్టాడు. పైగా ఇదిగో, ఈ కత్తెర ఊరికే ఇచ్చాడు. కొన దగ్గర కాస్త గంటుందట, తోలుకి పర్లేదట." తబిత కత్తెర మార్జరీ చేతిలో పెట్టింది. "దేవుడు ఒక్కోసారి పొరపాటున మంచి చేస్తాడు చూడు."

మార్జరీ బొటనవేలు ఆ గంటు మీదకి దానంతటదే వెళ్ళింది. దుకాణం తలుపు ఓరగా ఉంది. అవతల ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

"దీన్ని వాడకవ్వా."

"ఎందుకే?"

"మొద్దుది."

"మొద్దుదైతేనేం, నేనూ అంతేగా." తబిత చెయ్యి చాచింది.

మార్జరీ కత్తెర తిరిగి ఇచ్చేసింది.

*

మంగళవారం పొద్దున్నే నహూమ్ టబ్ ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని తబిత ఇంటికి వెళ్ళాడు. కత్తెర కుట్టుబల్ల మీదే దొరికింది. ఎజ్రా ఇచ్చిన తొమ్మిది షిల్లింగులూ పొయ్యిగూట్లో, తొడుగు వేళ్ళలో దోపి ఉన్నాయి, అన్నిటికీ అదే గీర. తొడుగులు కుట్టేవాళ్ళెవరైనా డబ్బు దాచుకునేది అందులోనే.

తబిత రానంది. ద్వారబంధాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఒకడు టోపీతో పాటు జుట్టు దొరకబుచ్చుకుని లాగాడు. పట్టు వదల్లేదు. రెండోవాడు చేతికర్రతో వేళ్ళమీద కొట్టాడు. నాలుగో దెబ్బకి ఎండు చితుకులు విరిగిన చప్పుడు వీధి ఇటువైపుకి వినిపించింది. వదిలింది. గుమ్మంలో మార్జరీని చూసి, "పొయ్యిమీద బొమికల పులుసుందే, దింపు!" అని కేకేసింది. పిల్లలు అప్పటికే గుర్రపు పేడ విసరడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళు రాళ్ళు ఏరుకుంటున్నారు. ఊళ్ళో సరుకుల ధరలు పెరిగి ఏడాదైంది. దానికి ఒక ముఖం దొరకడం అదే మొదలు.

మార్జరీ వెళ్ళి ఆ పులుసు దింపింది. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది.

"టబ్ గారికి చెప్పేస్తాను," అంది.

ఎజ్రా పొయ్యి దగ్గర మూస మీదకి వంగి ఉన్నాడు. తల ఎత్తలేదు. పట్టకారు కింద పెట్టి, లేచి, వచ్చి మార్జరీ ఎడమ మణికట్టు పట్టుకుని, ఏదో చూపించడానికన్నట్టు పొయ్యిదాకా నడిపించుకెళ్ళి, అరచేతిని మూస అంచుకి అదిమాడు. మూడు అంకెలు లెక్కపెట్టినంతసేపు. వంటింట్లో కాలిన తోలు వాసన వేసింది. మార్జరీ నోటి నుంచి వచ్చిన శబ్దానికి పెరట్లో కోళ్ళు చెదిరిపోయాయి.

"చెప్పు," అన్నాడు ఎజ్రా, ఊపిరి ఎగబీల్చకుండా. "చెప్పి చూడు. అప్పుడు నేనూ చెప్తాను. కత్తిరించిన చెయ్యెవరిది? ఈ వణికే చేతులతో నేను కత్తిరించానంటే ఎవడైనా నమ్ముతాడా? ఆ ముసలిది ఒక నలభై. నోరు తెరిచావంటే నువ్వు రెండో నలభై. ఎనభై పౌన్లతో నేను లండన్‌లో దుకాణం పెట్టుకుంటాను."

తర్వాత అతనే వెన్న తెచ్చి అరచేతికి రాశాడు. వెన్న మరీ ఎక్కువ పడిందనిపించి, సగం మళ్ళీ గిన్నెలోకి తీసేశాడు.

*

గురువారం కోర్టు. జనం కిటికీలెక్కి కూర్చున్నారు. తబితను చెయ్యెత్తమన్నారు. ఎత్తింది. వేళ్ళు తలోవైపు చూస్తున్నాయి. ఎవరో నవ్వారు.

ఎజ్రా మంచి కోటు వేసుకొచ్చాడు. ఈ ముసలావిడ వెండి ముద్ద అమ్ముతానని తన దుకాణానికి వచ్చిందనీ, రాజభక్తి కొద్దీ తనకి అనుమానం కలిగిందనీ చెప్పాడు. ఆ తర్వాత ఊపందుకున్నాడు. పుస్తకాలు చదివిన ఫలితం అప్పుడు కనిపించింది.

"ప్రతి కత్తెరకీ ఒక పన్ను ఉంటుంది దొరా. మనిషి పళ్ళలాగే. ఇదిగో కత్తెర, ఇదిగో గంటు. ఇదిగో సీసపు రేకు, గీర చూడండి. ఇప్పుడు ఈ షిల్లింగు చూడండి. వేలి గోరుతో ఇలా అంచు వెంట రాస్తే తగులుతుంది. రాసి చూడండి, మొహమాటపడకండి."

భూతద్దం జ్యూరీలో పన్నెండుమంది చేతులూ తిరిగింది. షిల్లింగులు జనంలోకి కూడా వెళ్ళాయి. ప్రతివాడూ గోరుతో రాసి, "ఆఁ, తగుల్తోందిరోయ్!" అని పక్కవాడికిచ్చాడు. ఆ మధ్యాహ్నానికల్లా వెన్‌బరోలో అక్షరంముక్క రానివాడు కూడా ఆ గీరని చదవగలిగాడు.

"ఆ డబ్బు ఆయనిచ్చిందేనయ్యా," అంది తబిత. "కత్తెరా ఆయనిచ్చిందే. నేను గొరిగేదాన్నయితే మూడేళ్ళుగా ఒకే లంగా కట్టుకుంటానా? మార్జరీని అడగండి. ఆ పిల్ల అబద్ధం చెప్పదు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. మార్జరీ గుడ్డ చుట్టిన చేతిని ఏప్రాన్ కొంగులో దాచుకుంది. అడిగితే చెప్పాలి. చెబితే ఇద్దరికీ ఒకే మంట.

"ఎవరా మార్జరీ?" అన్నాడు జడ్జి.

"నా భార్య దొరా," అన్నాడు ఎజ్రా.

"అయితే కుదరదు. భార్యాభర్తలది చట్టం దృష్టిలో ఒకే ఒళ్ళు. భర్త మీద భార్య మాట ఈ కోర్టు వినదు." ఎజ్రా అంతవరకు విని, వంగి దణ్ణం పెట్టి, భూతద్దం కోసం జ్యూరీ వైపు తిరిగాడు. జడ్జి ముక్కుపొడుం పీల్చి వాక్యం పూర్తిచేశాడు. "భార్య మీద భర్త మాటా అంతే. ఎవరి నోటితో వాళ్ళకే ఉరితాడు పేనించడం న్యాయం కాదు. ఇంకెవరైనా ఉన్నారా?"

ఇంకెవరూ లేరు. మార్జరీకి ముందు ఊపిరి ఆడింది. ఊపిరి ఆడినందుకు ఆ తర్వాత తబిత వైపు చూడలేక తల దించుకుంది. జ్యూరీ లేచి గదిలోకి కూడా వెళ్ళలేదు. ఉన్నచోటే తలలు దగ్గరకి చేర్చి విడదీసింది. గొర్రెదొంగ కేసుకి కూడా దానికంటే ఎక్కువసేపు పట్టింది ఆ రోజు.

*

మంటలో వేసే ఆడవాళ్ళకి ఒక దయ ఉంది. మెడకి తాడు వేసి, గుంజకున్న కన్నంలోంచి వెనక్కి తీసి, మంట అంటుకోకముందే తలారి బిగించేస్తాడు. మంటకి దక్కేది శవమే. చట్టంలో లేదు, ఆనవాయితీ. తలారికి ముందుగా చెయ్యి తడపాలి.

శుక్రవారం మధ్యాహ్నం తలారి సారాకొట్టు పెరట్లో కూర్చుని రొట్టె, ఉప్పుచేప తింటున్నాడు. పక్కనే తాడు ఎండలో ఆరేసి ఉంది. మార్జరీ మూడు షిల్లింగులు అతని ముందు పెట్టింది. అతను చేతులు తుడుచుకుని, జేబులోంచి చిన్న త్రాసు తీసి, ఒక్కొక్కటీ తూచాడు.

"ఇందులో మూడింట రెండొంతుల వెండే ఉందమ్మా. రెండొంతులు బిగిస్తే మీ అవ్వకి ఇంకా బాధ. తెచ్చేదేదో నిండు నాణెం తేకూడదూ?"

"ఊళ్ళో నిండు నాణెం ఎక్కడుందయ్యా?"

"అదీ నిజమే. అందుకేగా నాకింత పని."

మార్జరీ కుడిచేతి నడిమివేలికున్న వెండి అంగుస్తానా, సూది గుచ్చుకోకుండా పెట్టుకునే తొడుగు, తీసింది. అమ్మది. లేసు అల్లే వేలు అమ్మది పోయి తనదైనా అది మారలేదు. లోపలివైపు అరిగి పలచనైంది. తలారి దాన్ని తూచలేదు. చిటికెనవేలికి పెట్టుకుని చూసుకున్నాడు.

"ఇది ఎవరూ గొరగలేదు," అన్నాడు. "సరే. మంట కాళ్ళదాకా కూడా రానివ్వను. మాట."

శనివారం పొద్దున్న గాలి వీస్తోంది. తబితను కొయ్యచట్రానికి కట్టి, గుర్రంతో వీధుల వెంట కోటదిబ్బదాకా ఈడ్చుకొచ్చారు. దిబ్బ మీద ముళ్ళతుప్పల మోపులు పేర్చి ఉన్నాయి. అవి నహూమ్ టబ్‌వి. రొట్టెల పొయ్యికని కొట్టించినవి. వేగంగా అంటుకుంటాయి, పొగ తక్కువ. అరవై మోపులు పంపాననీ, సర్కారు యాభైకే డబ్బిస్తానంటోందనీ ఎదురుపడ్డవాళ్ళందరికీ చెబుతున్నాడు.

జనం అల్లం రొట్టెలు కొనుక్కుంటున్నారు. ఎజ్రా రాలేదు. తనకి పొగ పడదట.

తబితను పీపామీద నిలబెట్టి గుంజకి ఇనపపట్టీ బిగించారు. ఈడ్పులో ఒకవైపు ముఖం చెక్కుకుపోయింది. కళ్ళు జనంలో వెతికి మార్జరీ దగ్గర ఆగాయి.

"చేతికి ఏమైందే పిల్లా?"

మార్జరీ గుడ్డ చుట్టిన అరచెయ్యి పైకెత్తింది.

"కాలిందేమో, పెద్దదే ఉన్నట్టుంది. వెన్న రాయకు. చీము పడుతుంది."

ఆ తర్వాత పాదిరీ అడ్డం వచ్చాడు. ప్రార్థన అయింది. తలారి గుంజ వెనక్కి వెళ్ళి, తాడుకొస చేతికి రెండు చుట్లు చుట్టుకుని కాలు తన్నిపెట్టాడు. అప్పుడే అటువైపు మోపుల దగ్గర నిలబడ్డవాడు, ఇంకా సైగ చెయ్యకముందే, కాగడా ఆనించాడు. గాలి ఆ మంటని ఒక్క విసురున గుంజ వెనక్కి తోసింది. తుప్పలు పెళపెళమన్నాయి. తలారి ముంజేతుల మీద చొక్కా అంటుకుంది. తాడు లాగాడు, లాగుతూ అరిచాడు, ఇంకా లాగాడు. చివరికి చేతులు వాటంతటవే విడిపోయాయి. తాడు కొస కాలిపోయి గుంజ మీంచి జారిపోయింది.

ఆ తర్వాతి కేకలు తబితవి. అల్లం రొట్టెల వాళ్ళు కూడా నమలడం ఆపేశారు. ఆవిడ విరిగిన వేళ్ళతో మోపుల్ని తన మీంచి నెట్టేసుకోవాలని చూసింది. లంగా పోయింది, జుట్టు పోయింది, అయినా గొంతు పోలేదు. తలారి బొబ్బలెక్కిన చేతులతో ఒక పెద్ద కట్టె ఎత్తి ఆవిడ తలమీదకి విసిరాడు. గురి తప్పింది. రెండోదీ తప్పింది. మూడోది తగిలింది. కేక ఆగింది.

మార్జరీ చివరిదాకా కళ్ళు మూసుకోలేదు. ఆ కత్తెరని సోమవారం తిరిగి ఇచ్చేసిన చెయ్యి కొంగులో ఉంది.

*

తరువాతి సోమవారం షరీఫుగారి బహుమతి సొమ్ము వచ్చింది. సంచీ నహూమ్ టబ్‌ మోసుకొచ్చాడు. వెతికినందుకు అందులో అయిదు పౌన్లు అతనివి. బల్లమీద గుమ్మరించగానే ఇద్దరూ వంగి చూశారు. పన్నుల పెట్టెలోంచి వచ్చిన డబ్బు, ఎన్నాళ్ళు మూలిగిందో, అన్నీ నిండు నాణేలు. అంచు చుట్టూ చుక్కల వరస చెక్కుచెదరలేదు.

"మా తాత దగ్గర చూశాను ఇలాంటివి," అన్నాడు నహూమ్. తన వాటాని ఒక్కొక్కటీ గోరుతో రాసి చూసుకుని వెళ్ళాడు.

తలుపు మూయగానే ఎజ్రా అన్నాడు, "కత్తెర తియ్యవే."

"ఇవీనా?"

"ఇవి కాక ఇంకేవి? గీర మొత్తం ఆ ముసలిదాంతో పోయింది. ఇక ఎవడూ వెతకడు. అయినా నువ్వు ఆకురాయి పడతావుగా."

మార్జరీ మంగళవారమంతా కిటికీ దగ్గర కూర్చుంది. అరచేయి పచ్చిగా ఉంది. వేళ్ళ కొసలతోనే నాణెం పట్టుకుంది. కత్తిరించడం, రాయడం, మసి పామడం, తుడవడం. ఎజ్రా కొత్తగా వచ్చిన పుస్తకం చదువుతున్నాడు. నాణేలన్నీ వెనక్కి తీసుకుని యంత్రం మీద కొత్తవి అచ్చెయ్యాలట, అంచుమీద అక్షరాలు చెక్కాలట.

"అంచుమీద అక్షరాలేమిటే? వీళ్ళకి మతిపోయింది. అంచు చదివేవాడు ఎవడు?"

పెరటి తలుపు ఎవరో తట్టారు. మార్జరీ వెళ్ళి తీసింది. తలారి. రెండు చేతులకీ మోచేతులదాకా గుడ్డలు. చిటికెనవేలిని ముందుకి చాపాడు.

"తీసుకోండమ్మా. నేను తియ్యలేను."

"ఎందుకు?"

"పని కాలేదు. కాని పనికి కూలి నాకొద్దు." మార్జరీ అంగుస్తానా మెల్లిగా లాగింది. దాంతో కొంత చర్మం వచ్చింది. అతను పళ్ళు బిగించాడు. "గాలి మీద పెట్టలేను తప్పు. ఇంకో అడుగు వెనక నిలబడాల్సింది. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉండి కూడా చూసుకోలేదు." ఆ మాట అని, టోపీ తాకబోయి, చెయ్యి లేవక, తల ఒకటి ఊపి వెళ్ళిపోయాడు.

మార్జరీ అంగుస్తానా కడిగి వేలికి పెట్టుకుంది. పీట మీదకి తిరిగొచ్చింది. ఇంకో షిల్లింగు తీసి, అలుగు కొనదాకా పోనిచ్చి, గంటు తగిలేలా తాపీగా కత్తిరించింది. ఆకురాయి అందుకుంది. కాసేపు చేతిలో పెట్టుకుంది. కింద పెట్టేసింది.

ఆ షిల్లింగుకి మసి కూడా పామలేదు.

*

బుధవారం ఆవిడ గొర్రెమాంసం, ఉల్లి, మిరియం పెట్టి కూరిన రొట్టె చేసింది. ఇంట్లో అంత పెద్దది కాలదు. ఆడవాళ్ళందరూ రొట్టెలవాడి పొయ్యికే పట్టుకెళతారు. గిన్నె అడుగున వెయ్యడానికి కాగితం కావలసివచ్చింది. జలగల పుస్తకంలోంచి నాలుగు పేజీలు చింపి పరిచింది. మంచి మందమైన కాగితం. ఆ పుస్తకాలు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి.

నహూమ్ రొట్టె అందుకుని పొయ్యిలోకి తోసి వచ్చాడు. "మధ్యాహ్నానికి పంపిస్తాను పెల్ అమ్మా. కాల్చినందుకు అర పెన్నీ."

మార్జరీ షిల్లింగు బల్లమీద పెట్టింది. "చిల్లర లేదండీ."

నహూమ్ నాణెం తీసుకుని అలవాటు కొద్దీ గోరు అంచు వెంట పోనిచ్చాడు. గోరు ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది. అతను నాణేన్ని వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కబుర్లు ఆపారు.

"ఇది... ఎక్కడిది?"

"మొన్న మీరు తెచ్చిచ్చిన సంచీలోదే."

"ఆ సంచీలో అన్నీ నిండువి. నేను చూశాను."

"అవునండీ. నేనూ చూశాను."

గంటు కత్తెర కోర్టువారి పెట్టెలో తాళం కింద ఉంది. దాని యజమాని కోటదిబ్బ మీద బూడిదై నాలుగు రోజులయింది. ఈ అంచు తెల్లగా, తడి ఆరని గాయంలా మెరుస్తోంది.

"మీరేమైనా చెప్పదలుచుకున్నారా అమ్మా?"

"నేనేం చెబుతానండీ. మా ఆయన మీద నా మాట చెల్లదుగా." చిల్లర కోసం చెయ్యి చాచింది. అతను ఇవ్వడం మర్చిపోయాడు. ఆవిడ అడగలేదు.

ఆవిడ ఇంటికొచ్చి పొయ్యిమీద నీళ్ళు పెట్టేసరికి వాళ్ళు వచ్చారు. నహూమ్, వెనక అదే ఇద్దరు మనుషులు. ఎజ్రా దుకాణంలో నిలబడి కొత్తగా కత్తిరించిన షిల్లింగులు సంచీలో పోస్తున్నాడు. సొరుగులో తండ్రి కత్తెర, నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి దొరికింది. నహూమ్ సీసపు రేకు కత్తిరించి చూశాడు. ఎలా చూడాలో నేర్పినవాడి ఎదుటే చూశాడు.

ఎజ్రాకి మొదట నవ్వొచ్చింది. తర్వాత పళ్ళు బయటపెట్టి, వంటింట్లో ఉన్న మార్జరీ వైపు వేలు చూపించాడు. "ఇదే! కత్తిరించింది ఇదే! నా చేతులు చూడవయ్యా, ఈ చేతులతో అవుతుందా? దీన్ని పట్టుకో! ఈ నలభై నాకే రావాలి, నేను చెబుతున్నాను, నా పెళ్ళాం..."

"జడ్జిగారు ఆ రోజు రెండు వైపులా చెప్పారు పెల్ గారూ," అన్నాడు నహూమ్. "మీరు ఒకవైపే విన్నట్టున్నారు."

ఎజ్రా మార్జరీ వైపు చూశాడు. ఆవిడ పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. అతను ఒక్క ఉరుకు ఉరికి ఆవిడ జుట్టు అందుకున్నాడు, తలని పొయ్యిరాయికేసి కొట్టాడు. ఇద్దరు మనుషులూ విడదీసి ఈడ్చారు. ద్వారబంధం దగ్గర రెండు చేతులతో పట్టుకున్నాడు. చేతికర్ర వాడికి ఆ పని అలవాటే. ఎజ్రా వేళ్ళకి రెండు దెబ్బలే పట్టాయి. వీధిలో పిల్లలు పేడ వెతుకుతున్నారు.

నహూమ్ వెనక ఉండిపోయి, వస్తువులు ఒక్కొక్కటే గుడ్డలో వేశాడు. కత్తెర. ఆకురాయి. మసి డబ్బా. సంచీలోంచి ఒక షిల్లింగు తీసి గోరుతో రాశాడు. ఇంకోటి. ఇంకోటి. పాలరాయిలా నున్నగా ఉన్నాయి. చేతులు ఆగాయి. తల ఎత్తి మార్జరీని చూశాడు. నుదుటి మీంచి కారే నెత్తుటిని ఆవిడ కొంగుతో ఒత్తుకుంటోంది. ఆ చెయ్యి రవంత కూడా వణకడం లేదు. నడిమివేలికి అంగుస్తానా ఉంది.

"పెల్ అమ్మా," అన్నాడు నహూమ్ నెమ్మదిగా. "ఆయన చేతులతో ఇంత నున్నటి అంచు..."

మార్జరీ కొంగు దించి అతని కళ్ళలోకి చూసింది.

"ఇవాళ పొయ్యి ఏ కట్టెలతో వెలిగించారు టబ్ గారూ?"

నహూమ్ చేతిలోని షిల్లింగు మళ్ళీ సంచీలో వేశాడు. శనివారం కోటదిబ్బ నుంచి పది మోపులు వెనక్కి వచ్చాయి. సర్కారు వాటికి డబ్బు ఇవ్వనంది. ముళ్ళతుప్పలు పారేసుకునేవి కావు. ఈ పొద్దున పొయ్యిలో పెట్టినవి అవే.

"నా రొట్టె అందులోనే ఉంది," అంది మార్జరీ. "మాడిపోతుంది. వెళ్ళి చూసుకోండి."

అతను గుడ్డ మూట కట్టుకుని, ఇంకేమీ అడగకుండా, పొయ్యి చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.